చివరి పేజీలు లేని పుస్తకం

ఇన్నేళ్లూ నేను ఒక పుస్తకం బరువు మోస్తున్నాను. పిల్లల పుస్తకం. చేతిలో పెట్టుకుంటే ఉన్నట్టే తెలియనంత పలచనిది. దానికి బరువేమిటని మీకు నవ్వు రావచ్చు. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. నాలుగు రోజులు పోతే మరిచిపోతానులే అని సర్దిచెప్పుకున్నాను. మరిచిపోలేదు. స్కూల్లో ఎవరైనా నన్ను మంచి టీచరు అన్నప్పుడల్లా ఆ పుస్తకం వచ్చి గుండెల మీద కూర్చుంటుంది. మా ఆయనకి కూడా చెప్పలేదు. చెబితే ఆయన "ఓస్, ఇంతేనా" అంటారు. ఆ మాట నాకు వినాలని లేదు. అది ఇంతే కాదని నాకు తెలుసు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నా పేరు రాయను. నర్సీపట్నంలో ఒక స్కూల్లో లైబ్రరీ చూసుకుంటాను. ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా ఉన్న స్కూలు. రాసే పేర్లు కూడా అసలువి కావు. ఆ అమ్మాయిని రత్నం అంటాను.

ఏ పిల్లకి ఏ పుస్తకం ఇవ్వాలో చెప్పడం నా పని. బయటివాళ్లకి అదొక పనిలా కనిపించదు. తల్లిదండ్రులు వచ్చి "మా వాడికి ఏదో ఒక మంచి పుస్తకం ఇవ్వండి మేడమ్" అంటారు, మందుల షాపులో తలనొప్పి మాత్ర అడిగినట్టు. మంచి పుస్తకమంటూ విడిగా ఏదీ ఉండదని, ఈ పిల్లకి ఈ రోజు సరిపోయే పుస్తకం మాత్రమే ఉంటుందని చెప్పాలనిపిస్తుంది. మూడో తరగతి పిల్లాడికి బొమ్మ పెద్దగా ఉండాలి, జంతువు ఉండాలి, ఆ జంతువుకి ఆకలి వేయాలి. ఏడో తరగతివాళ్లు దెయ్యాల కథలు అడుగుతారు. అడిగిందే ఇచ్చి, దానితో పాటు అడగనిది ఇంకొకటి చేతిలో పెట్టాలి. ఆ రోజుల్లో నాకు దీని మీద చాలా గర్వం ఉండేది. పిల్ల ముఖం చూసి పుస్తకం తీసి ఇస్తానని నలుగురిలో చెప్పుకునేదాన్ని. పిల్లల ముఖాలు చదవడం నాకు అంత బాగా వచ్చని ఎలా అనుకున్నాను?

మా లైబ్రరీలో రెండు రాక్‌లు. అయిదో తరగతి వరకు చిన్న రాక్, ఆపైన పెద్ద రాక్. ఆరో తరగతికి రాగానే పెద్ద రాక్ తాకనిచ్చేదాన్ని కాదు. ముందు చిన్న రాక్‌లోంచి నేను చెప్పిన పుస్తకం చదవాలి. శనివారం లైబ్రరీ పీరియడ్‌లో అందరి ముందూ నిలబడి ఆ కథ మొత్తం అప్పజెప్పాలి. అప్పజెబితేనే పెద్ద రాక్. ఈ పద్ధతి నేనే పెట్టాను. పిల్లలకి అది పెద్ద గొప్ప. పెద్ద రాక్ పుస్తకం దొరికినవాళ్లు దాన్ని సంచిలో పెట్టుకోకుండా, అందరికీ కనిపించేలా చేత్తో పట్టుకుని ఇంటికి వెళ్లేవారు.

రత్నం కృష్ణదేవిపేట రోడ్డులో ఒక పల్లె నుంచి షేర్ ఆటోలో వచ్చేది. వాళ్లది వ్యవసాయం, చెరుకూ కొంచెం జీడితోటా. ఆరో తరగతిలో మా స్కూల్లో చేరింది. మాట్లాడితే పక్కవాళ్లు నవ్వేవారు, అందుకని తక్కువ మాట్లాడేది. వేలు పెట్టి, ఒక్కో వాక్యం కింద నెమ్మదిగా జరుపుకుంటూ చదివేది. మిగతావాళ్లు రాక్ మీద పడి చేతికి అందింది లాక్కుంటే, ఆ పిల్ల నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడేది. "ఏ పుస్తకం తీసుకోమంటారండి?" అని అడిగేది. ప్రతి శనివారం అదే మాట. మొత్తం స్కూల్లో నన్ను అలా అడిగింది తనొక్కతే. ఆ మాట కోసం నేను ఎదురు చూసేదాన్ని. ఇది కూడా చెప్పాలి, ఎందుకంటే నేను చేసిన పని నాకు గిట్టని పిల్లకి చేసింది కాదు. నాకు ఇష్టమైన పిల్లకి చేశాను.

దానికి కొన్ని నెలల ముందు వానల్లో లైబ్రరీకి చెదలు పట్టింది. చిన్న రాక్ అడుగు అరలో పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి ఉండేవి. చెద గోడలోంచి వచ్చి ఆ దొంతరలోకి దూరింది. ఒక ఉదయం పుస్తకం లాగితే మట్టి రాలింది. ఆ వారంలోనే స్టాక్ వెరిఫికేషన్. అప్పటికి నా ఉద్యోగం పర్మనెంటు కాలేదు. పుస్తకాలు చెద తిన్నాయంటే నిర్లక్ష్యమని మెమో ఇస్తారు, మెమో ఉన్నవాళ్లని పర్మనెంటు చేయరు. భయపడ్డాను. ముందు పేజీలు పోయినవాటిని, అట్టలు లెక్కకి కనిపించేలా, దొంతర అడుగున పెట్టేశాను. వెనక పేజీలు పోయినవాటిని బాగుచేశాను. బాగుచేశాను అని రాస్తున్నాను చూడండి, ఇప్పటికీ ఆ మాటే వస్తోంది. చెద తిన్న చివరి పేజీలు చింపి పారేశాను. మైదా జిగురు ఉడికించి, మిగిలిన ఆఖరు పేజీకి వెనక అట్ట అంటించాను. తనిఖీకి వచ్చేవాళ్లు అట్టలు లెక్కపెడతారు గాని కథ పూర్తయిందా లేదా అని చూడరు కదా.

చూడలేదు. ఒక్క పుస్తకం కూడా తక్కువ లేదని మా హెడ్మాస్టరు గారు అసెంబ్లీలో నన్ను మెచ్చుకున్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఆ పుస్తకాల్ని విడిగా తీసి పెట్టాలనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను. పరీక్షలు వచ్చాయి, పేపర్లు దిద్దే పని వచ్చింది, అవి రాక్‌లోనే ఉండిపోయాయి. నిజంగా మరిచిపోయాను. మరిచిపోవడం అవసరమైనదాన్ని మరిచిపోవడం మనిషికి ఎంత సులువో.

హెడ్మాస్టరు గారి మెప్పు నిలబెట్టుకోవడానికి ఇంకో పద్ధతి కూడా పెట్టాను. పుస్తకంలో పేజీ చిరిగితే, ఆఖరున తీసుకున్నవాళ్లదే తప్పు. తండ్రిని తీసుకురావాలి. అయిదో తరగతి కుర్రాడొకడు పేజీ చింపి పడవ చేస్తే వాళ్ల నాన్నని పిలిపించి, అందరూ చూస్తుండగా మాట్లాడాను. ఆయన పొలం పని మానుకుని వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రత్నం అప్పుడు అక్కడే ఉంది.

ఇక ఆ పుస్తకం. గౌరి అనే పిల్ల, తప్పిపోయిన దూడ. అంతే కథ. చిన్నప్పుడు నేను మా మేనత్త ఇంట్లో చదివి, దూడ కోసం ఏడ్చి, ఆఖరు పేజీలో నవ్విన పుస్తకం. గౌరి దూడని వెతుక్కుంటూ దారిలో కనిపించిన వాళ్లందరినీ అడుగుతుంది, చీకటి పడేవేళ అడవిలోకి వెళుతుంది, అక్కడ దాని మెడలోంచి జారిపోయిన గంట దొరుకుతుంది. ఆ గంట ఊపుతుంది. చప్పుడు విని పొదల్లోంచి దూడ పరిగెత్తుకొస్తుంది. రత్నం పెద్ద రాక్‌కి వెళ్లడానికి చదవాల్సిన పుస్తకం ఇదేనని నేనే ఎంచాను. తీసి చేతికిస్తూ, "ఆఖరు నేను చెప్పను. చదివి నువ్వే వచ్చి నాకు చెప్పాలి" అన్నాను. ఎంత ముద్దుగా అన్నానో ఇప్పటికీ నా గొంతు నాకు వినిపిస్తుంది. ఇచ్చేముందు ఒక్కసారి చివర తిప్పి చూసుకుని ఉంటే? చూడలేదు. కథ నాకు తెలుసుగా.

తరవాతి శనివారం రత్నం పుస్తకం నా బల్ల మీద పెట్టి అందరి ముందూ నిలబడింది. చేతులు వెనక్కి కట్టుకుంది. చెప్పడం మొదలుపెట్టింది. మొదట ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. గౌరి అడవిలోకి వెళ్లేసరికి ఎవరూ నవ్వడం లేదు. గంట దొరికేదాకా చెప్పి ఆగింది. ఊపిరి తీసుకుంది. తరవాత నా వైపు చూడకుండా చెప్పింది.

"ఎంతసేపు గంట ఊపినా దూడ రానేదండి. సీకటి పడిపోనాదండి. గౌరి ఆ గంట అట్టుకుని ఇంటికొచ్చీసిందండి. దాన్ని గుమ్మానికి కట్టీసిందండి. గాలేసినప్పుడల్లా అది మోగుతాదండి. మోగినప్పుడల్లా సాలలో ఆవు తలెత్తి సూస్తాదండి. అంతేనండి."

నాకు ఒళ్లు జలదరించింది. ఆ మాట దాచను. ముందు జలదరించింది, ఆ తరవాతే కోపం వచ్చింది. నా దూడ ఇంటికి రాలేదు. నేను ఇచ్చిన కథని ఈ పిల్ల ఏదో చేసింది.

"ఇది ఎవరు చెప్పారు నీకు?" అన్నాను.

"పుస్తకంలో ఉందండి."

"పుస్తకంలో ఉందా? నువ్వు చదివావా?"

"సదివేనండి."

"ఆఖరు దాకా?"

రత్నం బల్ల మీద ఉన్న పుస్తకం వైపు చూసింది. చాలాసేపు చూసింది. "సదివేనండి" అంది మళ్లీ, ఈసారి చిన్నగా.

"పుస్తకంలో దూడ వస్తుంది. సగం చదివి వదిలేసి, మిగతాది కల్పించుకొచ్చావు. అందరి ముందూ అబద్ధం ఆడుతున్నావు."

"నేదండి."

"అబద్ధాలాడే నోటికి కథలెందుకు?" అన్నాను.

తన లైబ్రరీ కార్డు తీసేసుకున్నాను. పెద్ద రాక్ లేదు, ఆ ఏడాదికి చిన్న రాక్ కూడా లేదు. రత్నం ఏడవలేదు. వెళ్లి తన చోట కూర్చుంది. పుస్తకం బల్ల మీదే ఉంది, నా చేతికి అందేంత దూరంలో. ఆఖరు పేజీ తెరిచి "ఇదిగో, ఇక్కడ ఏముందో చదువు" అని ఎందుకు అనలేదు? ఏ టీచరైనా అదే చేస్తుంది. నేను చెయ్యలేదు. నాకు అంత నమ్మకం. ఆ పిల్ల మాత్రం నేను తెరుస్తాననే అనుకుంది. అందుకే దాని వైపు అలా చూసింది. తెరుస్తానని భయపడుతూ నిలబడింది.

పీరియడ్ అయిపోయి పిల్లలంతా వెళ్లాక పుస్తకం రాక్‌లో పెట్టడానికి తీశాను. దూడ వచ్చే పేజీ ఒకసారి చూసుకోవాలనిపించింది, నాదే రైటని మరోసారి అనిపించుకోవడానికి. తిప్పాను. గౌరి గంట చేతిలోకి తీసుకుంది. ఆ పేజీ వెనక నేరుగా అట్ట. అట్ట అంచున ఎండిన మైదా, దాని మీద నా బొటనవేలి ముద్ర.

అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాను. అప్పుడు ఒక్కొక్కటే అర్థమయింది. ఆ పిల్ల చదివింది. ఉన్నదంతా చదివింది. ఆఖరు లేదు. లేదని చెబితే చింపింది తనే అవుతుంది, వాళ్ల నాన్న వచ్చి చేతులు కట్టుకుని నిలబడాలి. నేనేమో ఆఖరు చెప్పి తీరాలన్నాను. అందుకని ఆ వారమంతా ఆటోలోనో, ఇంట్లోనో, పశువుల సాల దగ్గరో కూర్చుని, లేని ఆఖరుని తనే తయారుచేసుకుంది. నాన్నని కాపాడుకోవడానికి ఒక కథ అల్లింది. ఆ వయసు పిల్ల అంత పని చేయగలదని నేను ఊహించలేదు. ఆవు తలెత్తి చూడటం ఎక్కడో చూసే ఉంటుంది. నేను టౌనులో పెరిగినదాన్ని, దూడ పోయిన ఆవుని ఎప్పుడూ చూడలేదు.

ఖచ్చితంగా చూస్తే తను అబద్ధం ఆడినట్టే కదా? పుస్తకంలో ఉందని చెప్పింది కదా? ఈ ప్రశ్న పట్టుకుని నేను చాలా ఏళ్లు బతికాను. మునిగేవాళ్లకి ఏది దొరికితే అదే.

సోమవారం పొద్దున్న రత్నం వరండాలో ఎదురైంది. పక్కకి తప్పుకుని "నమస్తే మేడమ్" అంది. ఆ ఒక్క క్షణం చాలు. "నాదే పొరపాటు, రా" అంటే సరిపోయేది. నేను తల ఊపి వెళ్లిపోయాను. ఆ పుస్తకం సంగతి బయటపడితే మిగతావీ బయటపడతాయి. మిగతావి బయటపడితే ఆ చప్పట్లు ఏం కావాలి, ఉద్యోగం ఏం కావాలి? రేపు చెబుదాం అనుకున్నాను. రేపు శనివారమైంది, శనివారం సెలవులైంది. సెలవుల్లో నేనొక్కదాన్నే వెళ్లి, రాక్ అంతా వెతికి, చెద తిన్నవీ నేను చింపినవీ అన్నీ ఏరి, పాత పేపర్లవాడికి వేసేశాను. ఎంత శ్రద్ధగా చేశానో ఆ పని. దూడ పుస్తకం మాత్రం వెయ్యలేకపోయాను. బీరువా వెనక, పగిలిన గ్లోబు పక్కన పెట్టాను. అలా పెట్టడం నా మంచితనమని కూడా కొంతకాలం అనుకున్నాను.

పిల్లలు తనకి "కతల రత్నం" అని పేరు పెట్టారు. విన్నాను. ఆపలేదు. ఆపితే దాని గురించి మాట్లాడాల్సి వస్తుంది. మరుసటి ఏడాది నేనే కార్డు ఇచ్చాను. తీసుకుంది. పుస్తకం మాత్రం తీసుకోలేదు. లైబ్రరీ పీరియడ్‌లో సైన్సు నోట్సు రాసుకునేది. నా బల్ల దగ్గరికి వచ్చి ఆ మాట మళ్లీ ఎప్పుడూ అడగలేదు. ఒకసారి స్టాఫ్ రూములో తెలుగు మాస్టారు గారు "ఆ రత్నం ఉందే, గైడులో ఉన్నది ఉన్నట్టు దించేస్తుంది, సొంత వాక్యం ఒక్కటి రాయదు" అన్నారు. అందరూ నవ్వారు. నేను టీ తాగుతున్నాను. తాగడం ఆపలేదు.

పదో తరగతి పాసై వెళ్లిపోయింది. ఒక పుస్తకంతో ఒక బతుకు మారిపోతుందా? పోదు. తనకి నేను అంత పెద్ద మనిషిని కాను. ఇలా అనుకుంటే కాస్త తేలికగా ఉంటుంది. తేలికగా ఉంటుంది కాబట్టే ఆ మాట నేను నమ్మను.

నా ఉద్యోగం పర్మనెంటు అయింది. పిల్లల్ని చదివించడంలో నాకు పేరొచ్చింది. చిరిగిన పేజీకి తండ్రిని పిలిచే పద్ధతి తీసేశాను. అందరి ముందూ అప్పజెప్పడం కూడా తీసేశాను. ఎందుకని ఎవరైనా అడిగితే "పిల్లలు భయపడతారండి" అన్నాను. అదీ నా గొప్పతనం కిందే జమ అయింది. ఒక్క అలవాటు మాత్రం ఉండిపోయింది. ఎవరికి ఏ పుస్తకం ఇచ్చినా ముందు చివరి పేజీ తిప్పి చూస్తాను. మా పిల్లలు నన్ను చూసి అది నేర్చుకున్నారు. ఒకటో తరగతివాడు కూడా పుస్తకం తీసి, మొహం ముడిచి, ఆఖరు పేజీ చూసి తలాడిస్తాడు, అచ్చం నాలాగే. టీచర్లు చూసి మురిసిపోతారు. నేను అవతలికి తిరుగుతాను.

ఈ ఏడాది స్కూళ్లు తెరిచిన వారంలో ఒకామె కూతుర్ని నాలుగో తరగతిలో చేర్చడానికి వచ్చింది. లైబ్రరీ గుమ్మంలో ఆగి చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. నడకని బట్టి రత్నమని గుర్తుపట్టాను. కోటవురట్ల దగ్గర ఇచ్చారట. మొహం నిండా నవ్వు.

"మేడంగారూ, గుర్తున్నానా అండి?" అంది. నేను నోరు తెరిచేలోపే కూతురి భుజాలు పట్టుకుని ముందుకి జరిపింది. "దివ్యా, ఈ మేడంగారేనే నాను సెప్పింది. సిన్నప్పుడు నాకు అబద్ధాల బుద్ధుండేది. అబద్ధాలాడే నోటికి కతలెందుకని ఒక్క మాటన్నారు. అంతే. మళ్లీ ఆడనేదు." తరవాత నాతో, కాస్త గొంతు తగ్గించి, "ఇదీ అంతేనండి. నేనిపోనివన్నీ ఉన్నట్టు సెప్తాది. మీరే దీన్నీ గట్టిగా సూడాలండి" అంది.

నా మాట. ఒక్క అక్షరం పోకుండా దాచుకుంది. కృతజ్ఞతగా దాచుకుంది.

అప్పుడు నేను ఏమన్నానో చెప్పనా? "అలాగేనమ్మా" అన్నాను. టీ కూడా తెప్పించాను. పేజీలు చింపినప్పుడు భయముంది, వయసు చిన్నది. ఇప్పుడు ఏ భయముంది? మెమో ఇచ్చేవాళ్లు లేరు. ఆ హెడ్మాస్టరు గారు రిటైరై ఎక్కడున్నారో కూడా తెలియదు. అయినా నోరు రాలేదు. నా మీద ఆమెకున్న గౌరవం పోతుందని రాలేదు. మొదటి తప్పు కన్నా ఇది పెద్దదని నాకు అప్పుడే తెలుసు.

దివ్య శనివారాలు లైబ్రరీకి రావడం మొదలుపెట్టింది. మూల కూర్చుని, చేతులు తిప్పుకుంటూ పక్క పిల్లలకి ఏవేవో చెబుతుంటుంది. వాళ్లు నోళ్లు తెరుచుకుని వింటారు. నేను అటు వెళితే చప్పున ఆపేస్తుంది. ఒకరోజు అడిగాను, మీ అమ్మ నీకు కథలు చెబుతుందా అని.

"మా యమ్మకి కతలు రావండి" అంది. "నాను సెప్తే తిడతాది."

ఆ మాట విన్నాక ఇంటికి వెళ్లి అన్నం తినలేకపోయాను. ఒంట్లో బాగా లేదని చెప్పాను. ఇంకో అబద్ధం.

మరో శనివారం దివ్య నా బల్ల దగ్గరికి వచ్చింది. వాళ్లమ్మలాగే చేతులు వెనక్కి కట్టుకుని, "ఏ పుస్తకం తీసుకోమంటారండి?" అంది. నేను లేచి బీరువా వెనక చెయ్యి పెట్టాను. గ్లోబు దొర్లింది. పుస్తకం తీసి, దుమ్ము నా పైటతో తుడిచి ఇచ్చాను. ఈసారి నేను చివర చూడలేదు. ఆ పిల్లే చూసింది, మా స్కూలు పిల్లలందరిలాగే.

"మేడమ్, ఇందులో ఆఖరు నేదండి."

"లేదమ్మా. నేనే చింపేశాను."

బయటికి అన్నాను. జీవితంలో మొదటిసారి అన్నాను. గది ఎప్పటిలాగే ఉంది. ఫ్యాను తిరుగుతోంది. దివ్య నన్ను చూస్తోంది.

"ఎందుకండి?"

"నాకు తిట్లు పడతాయని భయమేసి. ఆ ఆఖరు మీ అమ్మకి తెలుసు. చిన్నప్పుడు ఇక్కడే నిలబడి చెప్పింది. చాలా బాగా చెప్పింది. నేనే అబద్ధమన్నాను. ఈ పుస్తకం అమ్మకి చూపించి, పేజీలు చింపింది మేడంగారేనని చెప్పు. మరిచిపోకు."

"మీరు సింపేరని సెప్పాలా అండి?"

"అవును. అలాగే చెప్పు."

పుస్తకం సంచిలో పెట్టుకోకుండా చేత్తో పట్టుకుని వెళ్లింది. వెళ్లాక నాకు సిగ్గేసింది. నేను మోయాల్సింది మళ్లీ ఒక పిల్ల చేతికిచ్చి పంపాను. కోటవురట్ల ఎంత దూరమని, ఆటో ఎక్కితే నేనే వెళ్లి ఆమె ఎదుట నిలబడొచ్చు. ఇన్నేళ్లకి ఒప్పుకున్నాను, అదీ సగం ధైర్యంతోనే. నా సంగతి ఇంతే కాబోలు.

తరవాతి శనివారం దివ్య ఉత్త చేతులతో వచ్చింది. చెప్పావా అని అడిగాను. చెప్పిందట. అమ్మ ఏమందని అడిగాను.

"ఏటీ అన్నేదండి. పుస్తకం అట్టుకుని గుమ్మం కాడ కూకుంది. నాను కూడు పెట్టమన్నా నెగనేదు."

"ఆఖరు చెప్పిందా నీకు?"

"నేదండి."

ఆ తరవాత నేను అడగలేదు. ఆమె రాలేదు. కోపంగా ఉందా, ఏడుస్తోందా, అసలు నమ్మిందా, నాకు తెలియదు. వచ్చి నాలుగు మాటలు అంటే బాగుండునని ఉంది. అనకపోయినా అడిగే హక్కు నాకు లేదు. క్షమిస్తుందని నేను అనుకోవడం లేదు. తను పోగొట్టుకున్నది నేను తిరిగి ఇవ్వగలిగింది కాదు.

గడువు దాటినా ఆ పుస్తకం తిరిగి తెమ్మని నేను కబురు పెట్టలేదు. పెట్టను కూడా. నిన్న బీరువా వెనక ఊడ్పించాను. అక్కడ గ్లోబు ఒక్కటే ఉంది. ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గర లేదు.